నాలుగు పేజీల తిట్లతో అరోరా దాకా

నయాగరా చూశారా అని తెనాలిలో ఇప్పటికి నూట పదహారు మంది అడిగారు. చూడలేదు. స్వేచ్ఛా విగ్రహం? అదీ లేదు. మరి ఆరు వారాలు అక్కడ ఏం వెలగబెట్టారండీ అని మా కాలేజీ అటెండర్ దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా నన్ను జాలిగా చూస్తున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. అమెరికాలో నేను చూసింది ఒక్కటే. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి ఒకాయన, నాలుగు పేజీల తిట్లు రాసి కోటు జేబులో పెట్టుకుని, ఒక ముసలామెను తిట్టి రావడానికి వెయ్యి మైళ్ళు వెళ్ళాడు. ఆ కారులో వెనక సీటు నాది.

ఇర్వింగ్: కింద వాటా గొంతు

నేను టెక్సాస్ వెళ్ళింది అక్కడి తెలుగువాళ్ళ సభలో హాస్య ప్రసంగం చేయడానికి. నా ప్రసంగం ఇరవై నిమిషాలు. నన్ను పరిచయం చేసిన పెద్దమనిషి నలభై నిమిషాలు మాట్లాడాడు. జనం ఆయనకే ఎక్కువ నవ్వారు. ఆ గాయం మానేదాకా తన దగ్గర ఉండమని మా అక్క కూతురు శిరీష ఇర్వింగ్‌లోని తన అపార్ట్‌మెంట్‌కి తీసుకెళ్ళింది.

ఇర్వింగ్‌లో ఎవరూ నడవరు. బాల్కనీలోంచి కనబడే ఇండియన్ కొట్టులో కరివేపాకు కొనాలన్నా కారు తీసి, హైవే ఎక్కి, ఎక్కడికో పోయి, తిరిగి రావాలి. నేనొకరోజు ధైర్యం చేసి కాలినడకన బయలుదేరితే నాలుగు కార్లు ఆగాయి. మూడింటిలో వాళ్ళు ఒంట్లో బాగానే ఉందా అని అడిగారు. నాలుగో దాంట్లో శిరీష. "మామయ్యా, పరువు తీయకుండా ఎక్కు" అంది.

ఆ భవనం కింద వాటాలో అర్కాడీ గారు ఉండేవారు. తల వంచకుండా ఏ గుమ్మంలోనూ పట్టని మనిషి. ఆయన పొద్దున్నే మెట్ల దగ్గర నిలబడి గుడ్ మార్నింగ్ అంటే పై అంతస్తులో మా కాఫీ కప్పులు సాసర్లలో అంగుళం జరిగేవి. ఇందులో అతిశయోక్తి లేదు. తగ్గించి చెప్పమంటే అరంగుళం అంటాను.

"ఆయన ఒపేరా సింగర్ మామయ్యా" అంది శిరీష. "సోవియట్ యూనియన్‌లో ఉన్నప్పుడు పెద్ద స్టార్. జ్యూయిష్ అని స్టేజ్ మీద నుంచి తీసేశారంట. ఇక్కడికి వచ్చాక పిల్లలకి ముప్పై ఏళ్ళు పాట నేర్పించారు కానీ, ఆయన మాత్రం మళ్ళీ ఎవరి ముందూ పాడలేదు."

ఒపేరా అంటే ఏమిటో తెనాలివాడికి ఒక్క ముక్కలో చెప్పవచ్చు. మన పద్యనాటకమే. మాటలు తక్కువ, రాగం ఎక్కువ, చావబోయేవాడు చావకుండా పావుగంట పాడతాడు. తేడా అల్లా, హార్మోనియం బదులు అరవై మంది వాద్యగాళ్ళు ఉంటారు, కిరీటానికి వేసిన బంగారు రంగు చెమటకి కారదు.

ఇక అసలు కథ. ఆయన పాటకు పియానో వాయించిన లుద్మిలా అనే ఆమె ఇప్పుడు ఇలినాయ్‌లోని అరోరాలో, ఒక వృద్ధుల నివాసంలో ఉంటోంది. అక్కడ నర్సుగా పనిచేసే సువార్తమ్మ గారు మన నరసాపురం ఆవిడ. శిరీష అరోరాలో ఉద్యోగం చేసిన రోజుల్నుంచీ స్నేహం. ఒక శనివారం ఫోన్‌లో శిరీష మా కింద వాటాలో ఒక రష్యన్ సింగర్ ఉన్నాడంటే, ఆవిడ మా దగ్గరొక రష్యన్ పియానో ముసలమ్మ ఉందంది. ఊరు కలిసింది, పేరు కలిసింది. రహస్య పోలీసులు ఏళ్ళ తరబడి చేసే పనిని మన ఆంటీలు పప్పు తాలింపు వేగేలోపు తేల్చేశారు.

లుద్మిలా ఉత్తరం రాసింది: 'ఒకసారి రా. నీకొక మాట చెప్పాలి.'

అర్కాడీ గారు అది చదివి మూడు రోజులు గుడ్ మార్నింగ్ చెప్పలేదు. నాలుగో రోజున కాగితాలు తెచ్చుకుని రాయడం మొదలుపెట్టారు. ఆయన్ను నాటకశాల నుంచి వెళ్ళగొట్టాలా వద్దా అని పెట్టిన మీటింగులో, వెళ్ళగొట్టాలని చెయ్యెత్తినవాళ్ళలో లుద్మిలా కూడా ఉందట. పద్నాలుగేళ్ళు ఆయన పక్కన కూర్చుని వాయించిన చెయ్యి.

"పాడటానికి వెళ్ళడం లేదు. తిట్టడానికి వెళుతున్నాను" అన్నారు నాతో. ఆయన ఇంగ్లీషు ఆయనది, నా ఇంగ్లీషు నాది. మా ఇద్దరికీ అర్థమైంది కాబట్టి తెలుగులో రాస్తున్నాను.

విమానంలో పోవచ్చు కదా అన్నాను.

"ఒక్క విమానం ఎక్కనివ్వండి, మీ దేశం వదిలి పోతానని సోవియట్ సర్కారును అడిగి తొమ్మిదేళ్ళు ఆగాను. ఎక్కాను, దిగాను. ఆ సరదా తీరింది."

రెండు మోకాళ్ళూ అరిగాయి, ఈ ఏడాది దాటితే ఇంత దూరం కారులో కూడా వద్దని డాక్టరు చెప్పాడట. లుద్మిలాకు ఎనభై నాలుగు. కనుక ఆ నాలుగు పేజీలు చదివితే ఇప్పుడే చదవాలి. శిరీష శుక్రవారం, సోమవారం సెలవు పెట్టింది. "నేను డ్రైవ్ చేస్తుంటే ఆయనతో మాట్లాడటానికి ఒకరు కావాలి. నువ్వు ఎలాగూ ఆగవు" అని నన్ను ఎక్కించింది.

ఓక్లహోమా: గోంగూర ప్రమాదం

ఓక్లహోమా అంటే ఆకాశం. కింద కొంచెం నేల కూడా ఉంది. పెట్రోలు బంకు దగ్గర కాఫీ అడిగితే చిన్నదా, మధ్యదా, పెద్దదా అన్నాడు. చిన్నదే అన్నాను. మా ఇంట్లో స్నానం చెంబు అంత ఇచ్చాడు. పెద్దది తీసుకుంటే బహుశా ఈతగాణ్ణి కూడా పంపిస్తారు.

మధ్యాహ్నం రోడ్డు పక్క బల్ల మీద భోజనాలు విప్పాం. శిరీషది పులిహోర, పెరుగన్నం, సీసాడు గోంగూర పచ్చడి. అర్కాడీ గారిది నల్ల రొట్టె, ఉడికించిన గుడ్లు, ఉప్పునీళ్ళలో ఊరిన దోసకాయలు. ఆయన మర్యాద కోసం రొట్టె ముక్కకు గోంగూర రాసుకుని నోట్లో పెట్టుకున్నారు.  కళ్ళ నీళ్ళు కారం వల్ల అనుకుని నేను మంచినీళ్ళు అందించాను.

"మా అమ్మ పుల్లాకుతో చారు చేసేది" అన్నారు. "నల్లసముద్రం ఒడ్డున మా ఊళ్ళో, వసంతం వచ్చిందంటే ఆ చారే. ఇది అదే పులుపు. ఆమె మిరపకాయ మాత్రం వేసేది కాదు. మంచి మనిషి."

వాళ్ళ నాన్న దర్జీ అట. హిట్లర్ యుద్ధంలో, పసివాడైన ఈయన్ను ఎత్తుకుని తల్లి రైల్లో తూర్పుకు పారిపోయింది. ఊళ్ళో ఉండిపోయిన బంధువులు ఎవరూ మిగలలేదు. ఈ మాట ఆయన దోసకాయ కొరుకుతూ మామూలుగా చెప్పారు. నేను పులిహోర కలుపుతూ కలుపుతూ ఆగిపోయాను. "తినండి, చల్లారిపోతుంది" అన్నారు. పులిహోర పొద్దుటి నుంచీ చల్లగానే ఉంది.

వాతావరణం తేలిక చేయడం నా వృత్తి కాబట్టి, మీ ఒపేరాలో రాజు వేషగాడు పాడి చచ్చిపోయాక ఏం చేస్తాడని అడిగాను.

"చచ్చిపోయాక ఏం చేస్తాడు? పడుకుని ఉంటాడు. తెర పడుతుంది."

"మా దగ్గర అలా కుదరదండీ. పద్యం బాగుంటే జనం వన్స్ మోర్ అని కేకేస్తారు. రాజు లేవాలి. కిరీటం సర్దుకోవాలి. పద్యం మళ్ళీ మొదట్నుంచి పాడి మళ్ళీ చావాలి. మా ఊళ్ళో ఒకాయన ఒక్క ప్రదర్శనలో ఏడుసార్లు చనిపోయాడు. మర్నాడు నిజంగానే జ్వరం వచ్చింది."

"ఇది అనాగరికం" అన్నారు అర్కాడీ గారు. "చావుకు ఒక గౌరవం ఉండాలి."

"పాటకు ఉండక్కర్లేదా?"

మా నాన్న సంగతి చెప్పాను. ఆయన వన్స్ మోర్ కేకలో జిల్లాలోనే మేటి. ముందు వరసలో మా నాన్న కూర్చున్నాడని తెలిస్తే నటులు తెర లేవకముందే తాంబూలం పంపేవారు. అది పుచ్చుకుని కూడా పద్యం నచ్చకపోతే నోరు మెదిపేవాడు కాదు. ఆయన తరువాత ఆ కేక నాకు వచ్చింది. నాటకాలు తగ్గిపోయి అది నా గొంతులోనే ఉండిపోయింది.

"మాకూ ఉండేవాళ్ళు, చప్పట్లు మొదలుపెట్టే మనుషులు" అన్నారు ఆయన. "ఉచితంగా టికెట్ ఇచ్చేవాళ్ళం. తాంబూలం సంగతి తెలియదు." మిగిలిన రొట్టె మూట కడుతూ, "కానీ చచ్చినవాణ్ణి లేపరు" అన్నారు.

ఆ వాదన కారులో సాగుతుండగా ఆర్మడిల్లో అనే జంతువు, అంటే కవచం తొడుక్కున్న పందికొక్కు, రోడ్డుకు అడ్డం వచ్చింది. శిరీష బ్రేకు వేసింది. నా ఒళ్ళోని గోంగూర సీసా మూత ఊడి ముందు సీటు మీదుగా ఎగిరింది. జంతువు బతికింది. అర్కాడీ గారి కోటు, జేబులోని నాలుగు పేజీలు మాత్రం నూనెలో మునిగాయి.

"అంకుల్, ఐ యామ్ సో సారీ" అని శిరీష కారు పక్కకు ఆపి టిష్యూలతో అద్దింది. రెండు పేజీలు కొంచెం నిలిచాయి. రెండు పూర్తిగా పచ్చడే.

ఆయన కాగితాలు వెలుతురుకు పట్టి చూశారు. "మూడోది, నాలుగోది పోయాయి. మొదటి రెండూ ఉపోద్ఘాతం. అసలు తిట్లన్నీ వెనకాలే ఉన్నాయి."

దాదాపు యాభై ఏళ్ళుగా మండుతున్న కోపాన్ని ఒక్క సీసాతో వేపుడు చేసిన ఘనత ఈ ప్రపంచంలో నాకొక్కడికే దక్కింది.

మిస్సోరి: చెంచా చప్పుడు

మిస్సోరిలో హైవే పక్క మోటెల్. యజమాని గుజరాతీ, నన్ను చూడగానే హిందీలో పలకరించి, నా హిందీ విని ఇంగ్లీషుకు మారాడు. అద్దెలో పొద్దుటి ఫలహారం కలిసే ఉంటుంది. ఊరికే వచ్చేది కాబట్టి మనం రెండింతలు తినాలనే ధర్మం నేను వదులుకోలేదు.

అక్కడ వాఫిల్ అనే అట్టు మనమే పోసుకోవాలి. గళ్ళ పెనం, పైన మూత, మూశాక దాన్ని గిర్రున తిప్పాలి. ఒక కప్పు పిండి అని రాసి ఉంది. ఒక్క కప్పు ఎవరికి సరిపోతుంది? మూడు పోశాను. తిప్పాను. మా పోలేరమ్మ జాతరలో పొంగలి కూడా అంత జోరుగా పొంగలేదు. పిండి బల్ల దిగి, నేల పాకి, గుమ్మం వైపు బయలుదేరింది. పెనం కీచుమని అరవసాగింది. పెద్ద టోపీ పెట్టుకున్న లారీ డ్రైవరు ఒకాయన వచ్చి ప్లగ్గు పీకి, నా భుజం తట్టి, "మొదటిసారి అందరికీ ఇంతే" అన్నాడు. అది అబద్ధమని ఆయన ముఖంలో స్పష్టంగా ఉంది. ఇంత మర్యాదగా అబద్ధం చెప్పేవాళ్ళు మా వైపు పెళ్ళి సంబంధాలప్పుడు మాత్రమే కనబడతారు.

అర్కాడీ గారు ఈ ప్రళయాన్ని పట్టించుకోకుండా కాఫీ కలుపుతున్నారు. ఉన్నట్టుండి చెంచాతో పక్కనున్న స్టీలు కాఫీ పాత్రను కొట్టారు. టక్... టక్‌టక్.

"ఇలా ఉండేది" అన్నారు.

ఉద్యోగం పోయాక ఆయనకు ఎవరూ పని ఇవ్వలేదు. పని లేకపోతే సోమరి అని జైల్లో వేస్తారు. చివరికి ఒక అయిదంతస్తుల ఇంటి నేలమాళిగలో బాయిలర్‌కు బొగ్గు వేసే పని దొరికింది. ఆ వేడి నీళ్ళు గొట్టాల ద్వారా అన్ని ఇళ్ళకూ వెళ్ళి గదులను వెచ్చబరుస్తాయి. ఒంటరిగా ఉండటంతో ఆయన బొగ్గు వేస్తూ పాడుకునేవారు. రాజులు, పూజారులు, దయ్యాలు, తన వేషాలన్నీ. గొట్టాల గుండా వేడితో పాటు పాట కూడా పైకి వెళుతోందని ఆయనకు తెలియదు.

"ఒకరోజు ముసలి రాజు చావు పాట పాడాను. ముగిస్తుండగా గొట్టం మీద ఎవరో చెంచాతో కొట్టారు. టక్... టక్‌టక్. నోరు మూసుకోమంటున్నారేమో అని మర్నాడు మానేశాను. ఆ మర్నాడు గొట్టమే ముందు మోగింది. అప్పుడు అర్థమైంది, పాడమంటున్నారని. తొమ్మిది చలికాలాలు. ఎవరో తెలియదు. ఏ ముసలాయనో అనుకుంటాను."

"ఎందుకు ముసలాయన?" అంది శిరీష.

"తొందరపాటు మనిషి. ఎప్పుడూ చివరి స్వరం పూర్తి కాకుండానే కొట్టేసేవాడు. సంగీతం తెలిసినవాళ్ళెవరూ ఆ పని చేయరు."

మిసిసిపీ దాటాక: అద్దె తిట్లు

మిసిసిపీ నది మన కృష్ణకు పెద్దక్క. దాటగానే మొక్కజొన్న. ఎంత మొక్కజొన్న అంటే, మధ్యలో నేనొక నిద్ర తీసి లేస్తే అదే కంకి నన్ను చూస్తూ ఉంది.

అక్కడే అర్కాడీ గారు ఆఖరి ప్రదర్శన సంగతి చెప్పారు. మొదట్లో గోడపత్రికల్లో పేరు మార్చుకోమన్నారు, యూదు పేరు అక్షరాల్లో మరీ పెద్దగా కనబడుతోందని. మార్చుకోలేదు. పేరు చిన్నదయింది. తరువాత విదేశీ పర్యటనలకు అందరినీ తీసుకెళ్ళి ఈయన్ను వదిలేశారు. ఇక దేశం వదిలి పోతానని దరఖాస్తు పెట్టుకున్నాక మీటింగు, చేతులెత్తడం. కానీ రాజు వేషానికి ఇంకొకరు తయారుగా లేక ఒక్క ప్రదర్శన మిగిలింది.

"హాలు నిండా జనం. ఎవరూ చప్పట్లు కొట్టకూడదని ముందే చెప్పి కూర్చోబెట్టారు. నా జన్మలో అంత బాగా ఎన్నడూ పాడలేదు. పడిపోయాను. కళ్ళు మూసుకుని ఎదురుచూశాను. ఒక్క చప్పుడు లేదు. ఒక దగ్గు కూడా లేదు. ఆ చివర తెర దించేవాడి చెప్పుల శబ్దం మాత్రం వినబడింది."

 ఎవరి ముందూ ఎందుకు పాడలేదో ఇక అడగనక్కర్లేకపోయింది.

ఆయనే తేరుకుని, "ఇప్పుడు చెప్పండి. మీ భాషలో తిట్లున్నాయా?" అన్నారు. "మూడు, నాలుగు పేజీలు మీరే నాశనం చేశారు. మీరే పూడ్చాలి."

నేను తెలుగు మాస్టార్ని. ముప్పై ఏళ్ళ బోధనలో ఇంత శ్రద్ధ గల విద్యార్థి దొరకలేదు. మర్యాద దాటనివి నాలుగు ఎంచి ఇచ్చాను. నీ జిమ్మడ, నీ మొహం మండ, అప్రాచ్యపు వెధవ, నీ దుంప తెగ. అర్థాలు చెప్పాను. అన్నీ పలికి చూసి ఆయన చివరిదే ఎంచుకున్నారు. అడుగున మోగుతుందట. టోల్ బూత్ దగ్గర సాధన చేశారు. "నీ దుంప తెగ" అన్న ఆ గొంతుకు కిటికీలోని అమ్మాయి బెదిరి, తరువాత నవ్వి, "యూ టూ సర్" అంది.

"మామయ్యా, అక్కడికి వెళ్ళాక ఇది ఎవరు నేర్పారని అడిగితే నా పేరు చెప్పకు" అంది శిరీష.

అరోరా: రొయ్యలు, ప్రార్థన

శనివారం సాయంత్రానికి సువార్తమ్మ గారింట్లో దిగాం. గుమ్మంలోనే, "రండి మాష్టారూ, ఆయ్, ఎంత దూరం వచ్చారండీ, కాళ్ళు లాగేసుంటాయి" అని మొదలుపెట్టి, అర్కాడీ గారి వైపు తిరిగి చేతులు జోడించింది. "మా బైబిల్లో వాళ్ళంతా మీవాళ్ళే కదండీ. మా ఇంటికి దావీదు రాజు మేనమామ వచ్చినట్టుంది." శిరీష దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. రాజు వేషాలు పద్నాలుగేళ్ళు వేసిన మనిషికి బంధుత్వం నచ్చింది.

రాత్రి భోజనంలో రొయ్యల వేపుడు. యూదులు రొయ్యలు తినరని శిరీష నా చెవిలో అంది. అర్కాడీ గారు పళ్ళెం వైపు చూశారు. లేచి కిటికీ తెర వేశారు. "మా నాయనమ్మ చూడకూడదు" అని కూర్చున్నారు. రెండోసారి కూడా వడ్డించుకున్నారు.

అరోరా: రాజు లేచిన చోటు

ఆదివారం మధ్యాహ్నం వృద్ధుల నివాసం. నెలకొకసారి సువార్తమ్మ గారి తెలుగు చర్చి వాళ్ళు అక్కడి భోజనశాలలో పాటలు పాడతారు. ఆ రోజు పదిహేను మంది వచ్చారు, అందరూ నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల వాళ్ళు, పట్టుచీరల్లో. బల్లల దగ్గర ముప్పై మంది అమెరికన్ ముసలివాళ్ళు సూపు తాగుతున్నారు. మూలన పియానో ముందు చిన్న పిట్టలాంటి మనిషి. లుద్మిలా.

అర్కాడీ గారు కోటు గుండీలు పెట్టుకుని, గోంగూర వాసన వేసే రెండు పేజీలు తీసి, నడుచుకుంటూ వెళ్ళారు. మేము వెనకాలే. నా గుండె నా కంటే ముందు నడుస్తోంది.

ఆమె తల తిప్పి చూసింది. లేవలేదు. పలకరించలేదు. కీబోర్డు మీద చేతులు పెట్టి వాయించడం మొదలుపెట్టింది. చావు పాట ముందు వచ్చే వాద్యం అని ఆయన ముఖం చూస్తే నాకే తెలిసిపోయింది.

ఆయన కాగితం ఎత్తారు. ఉపోద్ఘాతం చదవడానికి నోరు తెరిచారు. పాట వచ్చింది.

నేను దాన్ని వర్ణించలేను. అతిశయోక్తి నా వృత్తి, కానీ అక్కడ పెంచడానికి నాకేమీ మిగల్చలేదు. మధ్యలో గొంతు రెండుసార్లు పగిలింది, అది కూడా రాజుదే అనిపించింది. చివరి స్వరంతో ఆయన పక్క కుర్చీలో కూలి, తల వాల్చి, కళ్ళు మూసుకున్నారు.

నిశ్శబ్దం.

ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి కుర్చీలో కూలితే వృద్ధుల నివాసంలో ఎవరూ చప్పట్లు కొట్టరు. ముప్పై చెంచాలు గాల్లో ఆగిపోయాయి. చర్చి వాళ్ళు ప్రార్థనకు చేతులు కలిపారు. సువార్తమ్మ గారు బీపీ మిషను పట్టుకుని పరుగెత్తింది. కళ్ళు మూసుకున్న ఆ మనిషికి ఇవేవీ కనబడవు. వినబడుతున్నది ఒక్కటే. ఆ రోజు హాలులో విన్నదే.

అప్పుడు నా గొంతులో మా నాన్న లేచాడు.

"వన్స్ మోర్!"

కిటికీ అద్దాలు గల్లుమన్నాయి. ఒక క్షణం ఆగి, చర్చి వరసలో గళ్ళ చొక్కా వేసుకున్న పెద్దాయన, అలవాటు ఎక్కడికి పోతుంది, "వన్స్ మోర్" అన్నాడు. ఆయన తాత కూడా నాటకాల ముందు వరసలోనే కూర్చుని ఉంటాడు. తరువాత పదిహేను మందీ అందుకున్నారు.

"ఆగండి బాబూ, నాడి చూడనివ్వండి ముందు" అని సువార్తమ్మ గారు అరుస్తోంది.

రాజు ఒక కన్ను తెరిచాడు. నన్ను చూశాడు. "అరోరాలో కూడానా?" అన్నాడు.

"ఎక్కడైనా ఇదే రూలండీ. లేవాలి."

"అనాగరికులు" అంటూ లేచారు. చేతికి కట్టిన బీపీ పట్టీతోనే లేచారు. మళ్ళీ మొదట్నుంచి అందుకున్నారు. ఈసారి గొంతు పగల్లేదు. లుద్మిలా ఆయన ముఖం చూస్తూ వాయిస్తోంది. చివరి స్వరం ఎత్తారు. అది ఇంకా మోగుతూ ఉండగానే ఆమె ఒక చెయ్యి తీసి, పక్క బల్ల మీది సూపు చెంచా అందుకుని, పియానో చెక్కను కొట్టింది.

టక్... టక్‌టక్.

ఈసారి చావడం ఆయన మరిచిపోయారు. నిలబడి ఉండిపోయారు.

వాళ్ళు వాళ్ళ భాషలో మాట్లాడుకున్నారు. తరువాత కారులో శిరీషకూ నాకూ ఆయన ఒక్కో ముక్కా అప్పజెప్పారు కాబట్టి రాయగలుగుతున్నాను.

"ఏ అంతస్తు?" అన్నారు ఆయన.

"నాలుగు. కిందికి రావాలని ఎన్నోసార్లు మెట్లు దిగాను. రెండు అంతస్తులు దిగి మళ్ళీ ఎక్కేదాన్ని."

"నువ్వు సంగీతం తెలిసినదానివి. స్వరం పూర్తి కాకుండా కొడతావా? తొమ్మిదేళ్ళు?"

"పూర్తయ్యాక కొడితే నిశ్శబ్దంలో ఇల్లంతా వినబడుతుంది, అర్కాడీ. నా గోడ అవతల ఉండేది రహస్య పోలీసుల మనిషి. నీ గొంతు మోగుతుండగానే కొడితే నీ ఒక్కడికే వినబడుతుంది."

 ఆయన చేతిలోని పేజీలు చూసుకున్నారు. తరువాత, ఆ భోజనశాలలో అమెరికన్లకు గానీ రష్యన్ పిట్టకు గానీ అర్థం కాని భాషలో, అడుగు గొంతుతో, స్పష్టంగా అన్నారు.

"నీ దుంప తెగ."

పదిహేను మంది చర్చి వాళ్ళు ఒక్కసారిగా నా వైపు తిరిగారు. శిరీష కిటికీలోంచి బయటికి చూసింది. అర్థం కాకపోయినా లుద్మిలా మాత్రం ఏడుస్తూ నవ్వింది. అప్పుడు వచ్చాయి చప్పట్లు. రెండుసార్లూ హాయిగా నిద్రపోయిన ఒక బామ్మగారు లేచి, ఐస్‌క్రీమ్ వచ్చిందా అని అడిగింది.

సోమవారం తిరుగు ప్రయాణానికి అర్కాడీ గారు రాలేదు. "ఇంకా రెండు పేజీలున్నాయి. రోజుకు సగం చదువుతాను" అన్నారు. మమ్మల్ని సాగనంపడానికి కారు దాకా వచ్చి, కాసేపు లోపల కూర్చుని నిన్నటి కథంతా అప్పజెప్పి దిగిపోయారు. నాలుగు రోజుల తరువాత వచ్చి తీసుకెళ్ళమన్నారు. శిరీష తన సెలవుల లెక్క తలుచుకుని స్టీరింగ్ మీద తల పెట్టుకుంది. సువార్తమ్మ గారు మాత్రం రోజూ ఫోన్‌లో వార్త చెప్పేది. "తిట్టేది తక్కువండీ. మధ్యాహ్నం భోజనం కాగానే పాటే. వన్స్ మోర్ అనకపోతే మా ముసలివాళ్ళు సూపు ముట్టడం లేదు."

తెనాలి

తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున స్నానాల గదిలో, ఆ చావు పాట నాకు పట్టుబడిందేమో చూద్దామని ఎత్తుకున్నాను. భాష రాదు, రాగం రాదు, గొంతు మాత్రం ఉంది. చివరి స్వరం ఇంకా లాగుతూనే ఉన్నాను, నీళ్ళ గొట్టం మోగింది. టక్‌టక్‌టక్. పై వాటాలో అద్దెకుండే బ్యాంకు గుమస్తా.

ఆయన ఎందుకు కొట్టాడో నాకు తెలుసు. ఎందుకు కొట్టాడని అనుకోవాలో కూడా ఇప్పుడు తెలుసు. ఇంకో చెంబు నీళ్ళు పోసుకుని, మొదట్నుంచి మళ్ళీ అందుకున్నాను.